పిలిచిన ఎడ్లు

ఆరుద్ర కార్తె పోతూ పోతూ మా చేను మొదటి ముక్కను గోదావరిలో పడేసింది. సరిగ్గా అదే పొద్దున నేను బొమ్మలు సంచిలో పెట్టుకొని అంకిసలో సిరొంచ బస్సెక్కాను. ఈ రెంటిలో ఏది పెద్ద సంగతో ఇప్పుడు ఎవరినడిగినా చెబుతారు. ఆ రోజు మాత్రం నాకు బొమ్మలే పెద్దవి.

బస్సు కదలకముందే మా ఆయన వెంకటేశ్వర్ ఫోన్ చేశాడు. "ఒడ్డు జర తెగింది. పత్తి రెండు సాళ్లు పోయినయి," అన్నాడు.

"దిగి రావాల్నా?"

"నువ్వొచ్చి పట్టుకుంటవా దాన్ని? పోయి రా."

నేను పోయాను.

సిరొంచలో బాబురావు సార్ నాకు బడిలో డ్రాయింగ్ నేర్పిన మనిషి. ఆయన దగ్గర ఉన్నప్పుడే సర్కారు పెట్టే డ్రాయింగ్ పరీక్షలు రెండూ మంచి గ్రేడులో పాసయ్యాను. తర్వాత పెళ్లి, బిడ్డ, పొలం పనులు. నిరుడు మా రేఖ నర్సింగ్ చదువుకని చంద్రపూర్ హాస్టల్‌కు పోతూ ఒక రంగుల డబ్బా, కాగితాల కట్ట నా చేతిలో పెట్టింది. "అమ్మా, ఇంట్ల ఊకె కూసోకు, బొమ్మలు గీస్కో," అంది. నేను ఊరికే ఎప్పుడు కూర్చున్నానో దానికే తెలియాలి.

నలభై దాటాక మళ్లీ పెన్సిల్ పట్టుకుంటే మొదట చేయి వినలేదు. ఆరు నెలలు పోరితే చేయి విన్నది గానీ, దానికి ఏం చెప్పాలో నాకే తెలియలేదు. ప్రాణహిత గోదావరిలో కలిసేచోట సూర్యాస్తమయం గీశాను. చిలుకలు గీశాను, వేణువు పట్టిన కృష్ణుణ్ణి గీశాను, బిందె ఎత్తుకున్న అమ్మాయిని గీశాను. ఫోన్‌లో వాళ్లు ఎట్లా చూపిస్తే అట్లా. ఇంటికొచ్చినవాళ్లు చూసి బాగున్నాయి అనేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఎందుకో సిగ్గేసేది.

సార్ వరండాలో కుర్చీ వేసుకొని ఒక్కొక్క బొమ్మే తిరగేశారు. అన్నీ అయ్యాక, "మంచిగున్నయమ్మా," అన్నారు. ఆ గొంతు నాకు తెలుసు. మందమతి పిల్లల తల్లులతో మాట్లాడేటప్పుడు వాడే గొంతు అది.

"నిజం చెప్పండి సార్."

"నిజమేనమ్మా. చెయ్యి పోలేదు నీకు." కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. "గాని ఈ బొమ్మలల్ల నువ్వెక్కడున్నవు? ఈ చిలుక ఎవలది? మన సంగమం కాడ సూర్యుడు ఎన్నడన్న గీ రంగుల మునిగిండా? నువ్వు చూసినవా ఇట్ల?"

"అందరికి మంచిగ అనిపిస్తదని..."

"అందరికి అనిపిస్తది. నీకు?"

లోపలి నుంచి ఆయన భార్య చాయ్ తెచ్చి పెట్టి పోయింది.

"ఒక్కటి పట్టుకో నవతా. ఏదన్న ఒక్కటే. ఈ వానకాలం దాటేదాంక దాన్నే గియ్యి, ఇంకోటి ముట్టకు. ఇసుగొస్తది, గియ్యి. ఏడుపొస్తది, గియ్యి. అప్పుడు తెలుస్తది నీకు ఇది వస్తదో రాదో."

"రాకుంటె సార్?"

"రాకుంటె ఇడ్సిపెట్టు. పీడ పోతది."

తిరుగు బస్సులో కిటికీ వైపు ముఖం పెట్టుకొని ఏడ్చాను. ఆయన పీడ అన్నందుకు కాదు. ఈ వయసులో, ఈ ఊళ్లో ఉండి, ఎసట్లో బియ్యం పోసే మనిషిని కాక ఇంకేదో కావాలని లోపల ఆశపడుతున్న సంగతి ఆయనకు తెలిసిపోయినందుకు. ఈ వానాకాలంలో రాకపోతే రంగుల డబ్బా రేఖకే తిరిగి ఇచ్చేద్దామని ఆ బస్సులోనే గట్టిగా అనుకున్నాను. రాకపోతే ఎట్లా బతకాలో మాత్రం అనుకోలేదు.

ఇంటికొచ్చాక ఒక్కటి కోసం వెతుకులాట మొదలైంది. నీళ్ల కుండ గీశాను, రెండో రోజుకే కుండా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం. మందారం గీశాను, వానకు రాలిపోయింది. మా అత్త కనకవ్వను గుమ్మంలో కూర్చోబెట్టి ముఖం గీయబోతే కొంగు నెత్తి మీదికి లాక్కొని లేచిపోయింది.

"నా మొఖం గీసి ఏం జేస్తవే? పటం కట్టి దండేస్తవా? జర ఆగు, అంత తొందరేంది," అంది.

గోదావరిని గీద్దామా అంటే ఆ రోజుల్లో దాన్ని చూడబుద్ధి కాలేదు. ప్రతి వానకూ ఒక వారగా మా చేను కోసుకుపోతోంది.

ఒక మధ్యాహ్నం ఆగకుండా వాన పడుతుంటే గడ్డి వేయడానికి కొట్టంలోకి పోయాను. మాకు ఒక జత ఎడ్లుండేవి. బూడిద రంగుది మైలోడు, ఎర్రటిది పుల్లోడు. మైలోడి డొక్క మీద ఈగ వాలింది. ఆ వాలినచోట మాత్రం, అరచేయంత మేర తోలు గబగబా వణికింది. మిగతా ఒళ్లంతా కదలకుండా నిలబడే ఉంది. గడ్డి చేతిలో పట్టుకొని అట్లాగే నిలబడ్డాను. ఇన్నేళ్లుగా వాటి కింద పేడ తీస్తున్నాను, కుడితి పెడుతున్నాను, ఎడ్ల పండుగ పోలాకు కొమ్ములకు రంగు వేస్తున్నాను. ఇది ఒక్కసారి కూడా చూడలేదు. గడ్డి అక్కడే పడేసి కాగితం కోసం వానలో ఇంట్లోకి ఉరికాను.

ఆ వణుకు నాకు రాలేదు. అసలు ఎద్దే రాలేదు. కాళ్లు మంచం కోళ్లలాగా నిలబడ్డాయి, మూపురం బస్తా మూటలాగా వచ్చింది. మా ఆయన వచ్చి నా వెనక గడ్డిమోపు మీద కూర్చొని చూశాడు.

"ఇది ఎద్దా, మంచమా?"

"మంచమే. పండుకుంటవా?"

నవ్వాడు. ఆయన నవ్వి చాలా రోజులైంది. మర్నాడు కూడా వచ్చి కూర్చున్నాడు, ఆ తర్వాత రోజూ వచ్చాడు. గీసేటప్పుడు మాట్లాడేవాడు కాదు. బొమ్మ పక్కన పెట్టాకే చేతికి తీసుకొని చూసేవాడు.

"మైలోడు ఎన్నడు ఎడమ దిక్కే నిలవడ్తడు," అన్నాడొక రోజు. "కాడి కట్టినా కట్టకున్నా. నువ్వు వాన్ని కుడి దిక్కు నిలవెట్టినవు. అందుకే పరాయి ఎద్దు లెక్క అనిపిస్తుంది."

నేను మార్చి గీశాను. నిజంగానే పరాయితనం కొంచెం తగ్గింది.

అట్లా ఒక్కొక్కటి వదిలిపెడుతూ పోయాను. తోక వదిలేశాను, కాళ్లు వదిలేశాను. కాడి మోసి మోసి మెడ మీద బిరుసెక్కిన చోటు ఒకటుంటుంది, కాడి కాయ అంటాం. వెంట్రుకలు రాలి నల్లబడి, ముడతలు పడి, మా అత్త మోచెయ్యిలాగా ఉంటుంది. వారాల తరబడి ఆ ఒక్క చోటే గీశాను. ఒకరోజు పెన్సిల్ పక్కకు వాల్చి రుద్దుతుంటే కాగితం మీద తోలు బరువుగా కుంగింది. అది బొమ్మ అనిపించలేదు, తోలే అనిపించింది. మా ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. వేలితో తాకబోయి, పాడవుతుందని ఆగిపోయాడు.

పెళ్లయ్యాక మేమిద్దరం పగటిపూట అంతసేపు ఒకచోట కూర్చున్నది ఆ వానల్లోనే. నాకు ఆ కొట్టం వాసన, ఆ చప్పుడు, ఆయన పక్కనుండడం అన్నీ హాయిగా ఉండేవి. నాట్లు పడే రోజుల్లో ఆయనకింత తీరిక ఎక్కడిదని నేను అడగలేదు. పోయి పని చేయడానికి చేను మిగలడం లేదు, అందుకని కూర్చున్నాడు.

శ్రావణంలో ఒకరోజు, "ఒకసారి వచ్చి చూడు," అన్నాడు. వెళ్లాం. మా అత్త అప్పటికే అక్కడుంది. మా దిక్కు గోదావరి పొంగితే పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ అనుకొని ఒడిబియ్యం పోసి పంపుతారు. ఆమె బియ్యం, పసుపుకొమ్ములు, గాజులు, రవిక గుడ్డ అన్నీ ఒడ్డు మీద నిలబడి నీళ్లలో వదిలింది. "తల్లీ, వచ్చినవు, తిన్నవు. ఇగ నీ ఇంటికి మళ్లు," అని దండం పెట్టింది. రవిక గుడ్డ కొంచెం దూరం తేలి మునిగిపోయింది.

మేం చూస్తుండగానే కొంచెం పైన ఇంకో ముక్క తెగింది. పెద్ద చప్పుడేం కాలేదు, నానిన గోడ ఒరిగినట్టు ఒరిగింది. దాని మీదున్న పత్తి చెట్లు పూతతో అట్లాగే నిలబడి కొంత దూరం పోయాయి. మా అత్త చెంబు తీసుకొని ఇంటిదారి పట్టింది.

"ఎడ్లను అమ్ముదామనుకుంటున్న," అన్నాడు మా ఆయన.

"ఎందుకు?"

"దేన్ని దున్నాలె వాటితోని? గడ్డి గూడ అయిపోవచ్చింది. వట్టిగ కట్టేసి ఎండవెట్టుడేనా?"

"ఇప్పుడే వద్దు. నాకు ఇప్పుడిప్పుడే వస్తుంది."

ఏం వస్తోందో ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత నా వైపు చూశాడు. కోపం లేదు, అలసట ఉంది. "చూడకుంట గియ్యరాదా?" అనడిగాడు.

"రాదు."

"పోలా అయ్యేదాంక ఆగుత తియ్యి. పోలా ముంగట ఎడ్లను ఎవ్వలు గూడ అమ్ముకోరు."

అహేరి దిక్కు మా అత్తకు దూరపు చుట్టం ఆదయ్య అని ఉన్నాడు. చెరువు కింద పొలం ఉన్న మనిషి. నిరుడు గాలికుంటు వచ్చి ఆయన ఎడ్లు చచ్చాయి. పోలా అయిన మూడోనాడు వచ్చి తోలుకుపోతానని ఫోన్‌లో మాటయింది. ఆ మాటయినప్పటి నుంచి నేను కొట్టంలోనే ఉన్నాను. పొయ్యి దగ్గర అత్తే ఉంది. ఒక్క మాట కూడా అనలేదు, అందుకే ఇంకా కష్టంగా ఉండేది.

పోలా ముందురోజు సాయంత్రం ఎడ్లను భోజనానికి పిలవడం మా దిక్కు ఆచారం. కడిగి నిలబెట్టి, గోరువెచ్చని నెయ్యిలో పసుపు కలిపి, ఏడాదంతా కాడి మోసిన మెడలకు మర్దన చేస్తారు. తర్వాత చెవిలో పిలుపు చెబుతారు. మరాఠీవాళ్లు మరాఠీలో చెబుతారు, మేం తెలుగులో చెబుతాం. ఆ పిలుపు చెవిన పడ్డాక అవి పశువులు కావు, చుట్టాలు. తెల్లారి వాటికి పెట్టకుండా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు.

ఏటా పిలుపు చెప్పేది మా అత్త. ఆ సాయంత్రం మా ఆయన, "నేను చెప్త," అన్నాడు. నెయ్యి గిన్నె పట్టుకొని మైలోడి మెడను చాలాసేపు రుద్దాడు. నేను ఎదురుగా పీట వేసుకొని గీస్తున్నాను. నెయ్యి పట్టిన కాడి కాయ దీపం వెలుగుకు మెరుస్తోంది. అట్లాంటి మెరుపు ఎన్నడూ చూడలేదు, చేజారిపోతుందని నాకు కంగారు.

"నీ చెయ్యి జర జరుపు, కనిపిస్తలేదు," అన్నాను.

చేయి తీశాడు. తర్వాత మైలోడి చెవి దగ్గర నోరు పెట్టి పిలుపు చెప్పాడు. "ఏడాదంత మోసిండ్రు. ఇయ్యాల పిలుపు అందుకోండ్రి, రేపు మా ఇంట్ల బువ్వకు రాండ్రి." అంతవరకు వినిపించింది. ఆ తర్వాత కూడా ఏదో చెబుతూనే ఉన్నాడు, అది వినిపించలేదు. పుల్లోడి చెవిలోనూ అంతే.

పండుగ పొద్దున పోలెల పూర్ణానికి శనగపప్పు పొయ్యి మీద ఉడుకుతోంది. నేను కొమ్ములకు రంగులు కలుపుకొని పుల్లోడివి రెండూ అవగొట్టి మైలోడి దగ్గరికి వచ్చాను. అంతలో ఇంటి ముందు పికప్ బండి ఆగింది. ఆదయ్య దిగాడు. చేతిలో కొత్త పగ్గాలు, ఎర్రటి కుచ్చులు ఉన్నాయి.

"మూడోనాడు గద నువ్వు వస్తనన్నది," అంది మా అత్త.

"ఎగువ మస్తు వాన కొడ్తుందట అవ్వా. పొద్దుగూకెవరకు వాగు మీద తొవ్వ బందయితదంటుండ్రు. ఇయ్యాల తోల్కపోతే పోయినట్టు, లేకుంటె మల్ల దసర అయినంకనే."

"ఎడ్లను పిల్సినం అన్నా," అన్నాడు మా ఆయన. "బువ్వ ఇంక కాలేదు."

ఆదయ్య పగ్గాలు చేతులు మార్చుకున్నాడు. చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషయితే ఆ రోజు మాకు కొంచెం సులువయ్యేది. "నేను గూడ అందుకే ఉరికొచ్చిన తమ్మీ. నిరుడు పోలాకు నా కొట్టం ఉత్తగున్నది. నా పెండ్లాం ఆ దినమంత అన్నం ముట్టలే. ఇయ్యాల ఇంటికాడ పోలెలు చేస్తుంది. ఈటికి అక్కడ కడుపునిండ పెడ్త. పండుగ తప్పది."

"పిల్సింది మేము. తినుడు ఇంకో ఇంట్లనా?" అంది అత్త.

"వానకు నేనేం చెప్పాలె అవ్వా?"

దసరా దాకా పెట్టడానికి గడ్డి లేదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. మా ఆయన ఎవరి ముఖమూ చూడకుండా కొట్టంలోకి పోయి విప్పాడు. అత్త ఉరికిపోయి పొయ్యి మీది పప్పు చూసింది, ఇంకా పలుకుగానే ఉంది. గుప్పెడు బెల్లం తెచ్చి పట్టింది. పుల్లోడు నాకాడు. మైలోడు వాసన చూసి మూతి తిప్పుకున్నాడు.

బండిలో ఎక్కించేటప్పుడు మైలోడు కుడివైపుకు వచ్చాడు. నిలవలేక పుల్లోణ్ణి నెడుతూ, పలకలకు గుద్దుకుంటూ గింజుకున్నాడు. "జర ఆగండి," అని మా ఆయన పైకెక్కి ముకుతాళ్లు విప్పి, అటుదాన్ని ఇటు, ఇటుదాన్ని అటు మార్చి కట్టాడు. మైలోడు సర్దుకొని నిలబడ్డాడు. ఒకదానికి రంగు కొమ్ములు, ఒకదానికి ఉత్త కొమ్ములు. బండి పోయింది.

మా ఆయన ఊళ్లోకి నడిచిపోయాడు. అత్త పొయ్యి దగ్గర కూర్చొని పోలెలు చేయడం మొదలుపెట్టింది. ఎవరికని నేను అడగలేదు. నేను పొయ్యిలోంచి చల్లారిన బొగ్గులు ఏరుకొని వసారా గోడ దగ్గరికి పోయాను. వానలకు కాగితాలన్నీ మెత్తబడి ఉన్నాయి, పైగా అవి సరిపోవు. నాకు ఎద్దంత ఎద్దు కావాలి.

ఏం చూసుకోలేదు, ఎక్కడా ఆగలేదు. మెడ దగ్గర మొదలుపెట్టాను. కాడి కాయ వచ్చింది, దాని నుంచి మూపురం, వెన్ను దిగాయి. కాళ్లు వాటంతటవే బరువు మోస్తూ నిలబడ్డాయి. డొక్క మీద ఈగ వాలిన చోటు బొగ్గును పక్కకు వాల్చి విదిల్చాను. వణికింది. ఎడమ వైపు మైలోడు, కుడి వైపు పుల్లోడు, గోడ నిండా. నేను వెనక్కి వచ్చి చూసుకున్నాను. నా జన్మకు నేను గీసిన మొదటి బొమ్మ అదే. ఆ ముందువన్నీ ఎవరెవరివో. చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, ఆ గతి పట్టిన రోజున, ఆ గోడ ముందు నాకు పట్టలేనంత సంతోషం వేసింది. అంత సంతోషం నాకు పెళ్లినాడు లేదు, బిడ్డ పుట్టినప్పుడు లేదు. ఆ సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సాయంత్రం ఊళ్లో తోరణం కింద ఎడ్లను నిలబెట్టే డప్పులు మొదలయ్యాయి. అవి మొదలవగానే మా ఆయన ఇంటికొచ్చేశాడు. వసారాలోకి అడుగుపెట్టి ఆగిపోయాడు. అత్త విస్తట్లో పోలెలు, అన్నం పెట్టుకొని, ఎక్కడ పెట్టాలో తెలియక గుమ్మంలో నిలబడి ఉంది.

ఆయన గోడను చూశాడు, దగ్గరికి పోయి మళ్లీ చూశాడు.

"మైలోడు," అన్నాడు.

ఎవరూ బాగుందనలేదు. నాకు కావలసింది ఆ ఒక్క మాటే, అది దొరికింది. ఆయన అత్త చేతిలోంచి విస్తరి తీసుకొని గోడ కింద, వాటి మూతుల దగ్గర పెట్టాడు. "తినుండ్రి," అన్నాడు. "ఆలస్యమైంది."

ముందురోజు నెయ్యి గిన్నె గూట్లో ఉంది. అడుగున పేరుకొని ఉన్న పసుపు నెయ్యిని చేత్తో తీసుకున్నాడు. ఏం చేయబోతున్నాడో నాకు తెలిసింది. వద్దు అనబోయాను. అరచేయి మైలోడి మెడ మీద పెట్టి రుద్దడం మొదలుపెట్టాడు. ముందురోజు ఎట్లా రుద్దాడో అట్లాగే, నిమ్మళంగా, బరువు వేసి. కాడి కాయ చెరిగిపోయింది. మెడ, మూపురం కలిసిపోయాయి. బొగ్గూ పసుపూ కలిసి గోడ మీద జారాయి. ఆయన కళ్లు మూసుకొని ఉన్నాడు. పుల్లోడి మెడ కూడా రుద్దాడు. అప్పుడు కళ్లు తెరిచి అరచేయి చూసుకున్నాడు.

"నవతా, ఖరాబ్ చేసిన," అన్నాడు.

"ఏం గాదు."

గోడకు ఆనుకొని కింద కూర్చున్నాడు. ఏడ్చాడు. ఆ చేయి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాలిలోనే పట్టుకొని ఏడ్చాడు. అత్త పోయి పక్కన కూర్చుంది. నేను సబ్బు తెచ్చి ఇచ్చాను. నా కళ్లు మాత్రం గోడ మీదే ఉన్నాయి.

వాగు తగ్గి బస్సులు నడిచాక, ఊరి సాంబన్నతో కలిసి మా ఆయన మంచిర్యాల దిక్కు పత్తి మిల్లులో పనికి పోయాడు. పత్తి పండించే మనిషి ఇంకొకరి పత్తి బేళ్లు మోయడానికి పోయాడు. పోయేటప్పుడు, "గీస్కుంట ఉండు, ఆపకు," అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు.

గీయబోయాను. గోడ మీద వచ్చింది మళ్లీ కాగితం మీద రాలేదు. ఖాళీ కొట్టంలో కూర్చొని చూశాను, మెడ ఎట్లా వంగేదో చెయ్యికి అందలేదు.

దసరాకు ఇంటికి సున్నం వేయాలి. అత్త సున్నం నానబెట్టింది, కుంచె నేను పట్టుకున్నాను. మొదటి పూతకు ఎడ్లు మసకగా కనిపిస్తూనే ఉన్నాయి, రెండో పూతకు పోయాయి. కాళ్లు, డొక్క, వణుకు, అన్నీ పోయాయి. తెల్లారి చూస్తే ఆయన రుద్దినచోట నెయ్యి పైకి తేలి రెండు పసుపు మరకలు నిలబడ్డాయి. నేను గీసిందేదీ మిగలలేదు, ఆయన చేయి పడ్డ చోటు మాత్రం మిగిలింది.

"ఇంకో పూత ఎయ్యి," అంది అత్త.

వేశాను. ఆరాక మళ్లీ వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఒక కాగితం తీసుకొని ఆ మరక ఎదురుగా కూర్చున్నాను. ఎద్దును కాదు, ఆ చేయిని గీద్దామనుకున్నాను. బొటనవేలు గీశాను, తర్వాత ఆగిపోయాను. ఇరవై రెండేళ్లుగా నాకు అన్నం కలిపిన చేతిని, జ్వరమొస్తే నా నుదుటి మీద పెట్టిన చేతిని నేను చూడలేదు. గోళ్లు ఎట్లుంటాయో తెలియదు. మైలోడి మెడ మీది ఒక్కొక్క ముడత చెప్పగలను, ఆయన అరచేతిలో కాయలు ఎక్కడున్నాయో చెప్పలేను. కాగితం మీద ఉన్న ఆ బొటనవేలు ఎవరిదో పరాయి మనిషిది.

సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. అమ్మ తిన్నదా, రేఖ మాట్లాడిందా అని అడిగాడు. అన్నీ చెప్పాను.

"నీ కుడి చెయ్యి ఎట్లుంటది?" అని అడిగాను.

మిల్లు చప్పుడు మీదుగా ఆయన గొంతు పెంచాడు.

"చేతికేమైతది? మంచిగనే ఉన్నది. బేళ్లు మోసుడు అలవాటైంది, నువ్వు పరేషాన్ గాకు," అన్నాడు. మళ్లీ, "సున్నం ఏసిండ్రా?" అని అడిగాడు.

"ఏసినం."

"గోడ మంచిగయిందా? నేను ఖరాబ్ చేసింది పోయిందా?"

మరక నా ఎదురుగానే ఉంది.

"పోయింది," అన్నాను. "అంత తెల్లగయింది."